సంచాలకుల వారు చూసిన కణం

వానబండ ప్రభుత్వ డిగ్రీ కళాశాలకు కొత్త మైక్రోస్కోపు వచ్చింది. దాన్ని ప్రారంభించడానికి ప్రాంతీయ సంయుక్త సంచాలకులు డాక్టర్ పురుషోత్తమం గారు జిల్లా కేంద్రం నుంచి వచ్చారు. ఆయన డాక్టరేటు వాణిజ్యశాస్త్రంలో. మైక్రోస్కోపుకు రిబ్బను ఎక్కడ కట్టాలో ఎవరికీ తోచలేదు. చివరికి బల్ల చుట్టూ కుర్చీలు వేసి వాటికి కట్టారు. ఆయన రిబ్బను కత్తిరించారు, కొబ్బరికాయ కొట్టారు, ఫోటోకు నిలబడ్డారు. ఇక ఉప్మా దగ్గరికి వెళ్ళడమే మిగిలింది. కానీ ఆయన కదల్లేదు.

"ఏదీ, ఇందులో ఏమన్నా చూపించండి" అన్నారు.

ఆ మాట కార్యక్రమ పత్రంలో లేదు. ప్రారంభించడానికి వచ్చినవాళ్ళు ప్రారంభించి వెళ్ళిపోవడమే ఆ కళాశాలలో ఆనవాయితీ. వృక్షశాస్త్రం చెప్పే కాంట్రాక్టు లెక్చరర్ హైమావతి ఆ సమయానికి గేటు దగ్గర ఉంది. అతిథి తిరిగి వెళ్ళేటప్పుడు ఆయన మీద పూలు చల్లడానికి ఆడపిల్లల్ని వరసలో నిలబెట్టే పని ఆమెకు అప్పజెప్పారు. ఆమె కోసం కబురు పంపి ఎదురు చూసేంత తీరిక లేదు. ప్రిన్సిపాల్ చంద్రశేఖరయ్య గారే రంగంలోకి దిగారు.

చంద్రశేఖరయ్య గారిది అర్థశాస్త్రం. అయితే వరండాలో నడుస్తూ హైమావతి క్లాసును కిటికీలోంచి చాలాసార్లు చూశారు. ఉప్మాకు తెచ్చిన ఉల్లిగడ్డల్లో ఒకటి తెప్పించారు. పొర ఒలిచి గాజుపలక మీద పెట్టారు. నీటిచుక్క వేశారు. పైన కవర్‌స్లిప్‌ను, ఆ పలచటి గాజుబిళ్ళను, దస్త్రం మీద ముద్ర వేసినట్టు, టప్పున పెట్టారు.

కవర్‌స్లిప్ అలా పెట్టకూడదు. ముందు ఒక అంచు నీటికి ఆనించాలి. రెండో అంచును సూది మీద నిలపాలి. నిద్రపోయిన బిడ్డ తలను దిండు మీదికి దించినట్టు మెల్లగా దించాలి. లేకపోతే కింద గాలి చిక్కుకుంటుంది. ఆ గాలి లెన్సులో గుండ్రంగా, నల్లటి అంచుతో, లోపల ఖాళీగా కనిపిస్తుంది. కొత్తగా చేరిన పిల్లలు దాన్నే కణం అనుకుంటారు. ఏటా మొదటి వారంలో అందరూ ఆ తప్పు చేస్తారు, రెండో వారానికి దిద్దుకుంటారు. సంచాలకుల వారికి రెండో వారం రాలేదు.

ఆయన కన్ను ఆనించి చాలాసేపు చూశారు.

"ఆహా! ఎంత గుండ్రంగా ఉందయ్యా! హద్దు ఎంత స్పష్టంగా ఉంది! లోపల చెత్తాచెదారం ఏమీ లేదు. ఇదేనా జీవకణం అంటే?"

"అదే సార్" అన్నారు ప్రిన్సిపాల్.

చప్పట్లు విని హైమావతి లోపలికి పరుగెత్తుకొచ్చింది. సంచాలకుల వారు పక్కకు జరగగానే వంగి చూసింది. కణాలు ఒక మూలన ఉన్నాయి, ఫోకస్‌లో లేవు. నడుమ నిండా గాలిబుడగ.

"సార్, అది..."

"ఉప్మా చల్లారిపోతాది, పదండి సార్" అని ప్రిన్సిపాల్ ఆమెకూ సంచాలకుల వారికీ మధ్యలోకి వచ్చి నిలబడ్డారు.

ఆ సాయంత్రం ఆమె ప్రిన్సిపాల్ గదికి వెళ్ళింది.

"సార్, పెద్దసారు చూసింది కణం కాదు, గాలిబుడగ. మనమే ఒక మాట చెప్పేస్తే బాగుంటుంది. మళ్ళీ యాడన్నా అంటే ఆయనకే నగుబాటు."

"యా క్యాడర్‌ అమ్మా నీది?"

"కాంట్రాక్టు సార్."

"నాది?"

"ప్రిన్సిపాల్ గ్రేడు సార్."

"ఆయనది జాయింట్ డైరెక్టరు క్యాడర్. జాయింట్ డైరెక్టరు చూసిందాన్ని బుడగ అనల్లంటే కనీసం డైరెక్టరన్నా అయ్యుండల్ల. నువ్వూ నేనూ అంటే అది నిజమైతాదా? క్రమశిక్షణ ఉల్లంఘన ఐతాది." ఆయన గొంతు తగ్గించారు. "జూన్ వస్తాంది. రెన్యువల్ కాగితం మీద పెట్టేది ఆయన సంతకమే గదా. నీ మంచికే చెప్తాండా."

హైమావతి పదకొండేళ్ళుగా అక్కడే పనిచేస్తోంది. ఏటా జూన్‌లో ప్రిన్సిపాల్ "పనితీరు తృప్తికరం" అని రాయాలి, సంచాలకుల వారు సంతకం పెట్టాలి. అది లేకపోతే జూలై నుంచి ఆమె లెక్చరర్ కాదు. వేరే సర్కారు ఉద్యోగానికి వయసు దాటిపోయింది. ఆమె ప్రయోగశాలకు వచ్చి గాజుపలక కడిగేసింది. బుడగ పోయింది. విషయం అంతటితో పోయిందనుకుంది.

పది రోజుల్లో సర్క్యులర్ వచ్చింది.

"గౌరవనీయ సంయుక్త సంచాలకుల వారి ఆకస్మిక పర్యవేక్షణలో వానబండ కళాశాల యందు జీవకణము గుండ్రముగాను, దృఢమైన నల్లని హద్దు కలదిగాను, అంతర్భాగము పరిశుభ్రముగాను ఉన్నట్లు గమనించడమైనది. తక్కిన కళాశాలల యందు కణములు ఇటుకల వలె ఇరుకిరుకుగా ఉండుట, ప్రతి కణము మధ్యన చుక్క వంటి అనవసర పదార్థము నిలువ ఉండుట శోచనీయము. ఇకమీదట అన్ని కళాశాలలు వానబండ ప్రమాణమును తు.చ. తప్పక పాటించవలెను. చుక్కల తొలగింపునకు తీసుకొన్న చర్యలను వారము లోపల నివేదించవలెను."

ఆ చుక్క కేంద్రకం. కణాన్ని నడిపించేది అదే. కానీ సర్క్యులర్‌కు ప్రశ్న వేసే గడి లేదు, జవాబు రాసే గడి మాత్రమే ఉంది. ఒక కళాశాల "చుక్కలు నూరు శాతం తొలగించబడినవి" అని రాసింది. ఇంకొకటి, "తొలగింపు పురోగతిలో ఉన్నది, సిబ్బంది కొరత వలన జాప్యము" అని రాసింది. రెండోదానికి మెమో వెళ్ళింది.

వానబండను ఆదర్శ కణ కేంద్రంగా ప్రకటించారు. చుట్టుపక్కల కళాశాలల లెక్చరర్లను శిక్షణకు పంపారు. వాళ్ళలో ముప్పై ఏళ్ళుగా వృక్షశాస్త్రం చెబుతున్నవాళ్ళు కూడా ఉన్నారు. అందరూ బల్లల ముందు కూర్చున్నారు. హైమావతి వాళ్ళ ముందు నిలబడి, కవర్‌స్లిప్ కింద గాలి చిక్కుకునేలా పడేయడం ఎలాగో నేర్పింది. చేయి మాట వినలేదు. అలవాటు కొద్దీ సూదికేసి వెళ్ళేది. రెండుసార్లు పొరపాటున మంచి స్లైడు వచ్చింది, తుడిచేసింది.

వెనక బల్ల మీద ఒక పెద్దాయన పక్కాయనతో అంటున్నాడు: "ఫస్టియర్‌లో మా సారు దీనికే నా తలమీద మొట్టినాడప్పా. ఇప్పుడు సర్టిఫికెట్ ఇస్తాన్నారు."

"తీసుకో. మొట్టికాయకు సర్వీస్ రిజిస్టర్‌లో కాలమ్ లేదు, దీనికుంది."

శిక్షణ రెండో రోజున ల్యాబ్ అటెండరు మద్దిలేటి ఒక సంగతి కనిపెట్టాడు. ఉల్లిపొర వేయడం మరిచిపోయి నీళ్ళ మీద కవర్‌స్లిప్ పెట్టాడు. కణం వచ్చింది. గుండ్రంగానే ఉంది, హద్దూ ఉంది. లోపల ఇంకా పరిశుభ్రంగా ఉంది.

"సార్! ఎర్రగడ్డ లేకున్నా ఎర్రగడ్డ కణం వస్తాంది!"

ప్రిన్సిపాల్ వచ్చి చూశారు. అంటే మైక్రోస్కోపులోకి కాదు, మద్దిలేటి ముఖంలోకి. అబద్ధం చెబుతున్నట్టు కనిపించలేదు. వెంటనే పైకి రాశారు. ఉల్లిగడ్డలు లేకుండా ఉల్లిపొర కణమును రూపొందించు విధానము వలన ఖజానాకు కలుగు ఆదా గురించి, అర్థశాస్త్రం తెలిసినవాడు కాబట్టి, బాగానే రాశారు. మితవ్యయ ప్రశంసాపత్రం వచ్చింది. ఆ వారం నుంచి ప్రయోగశాలలకు ఉల్లిగడ్డలు కొనడం నిషేధించారు. అప్పటికే కొన్నవాటిని ఏం చేయాలో ఉత్తర్వులో లేకపోవడం వల్ల అవి బీరువాలో మొలకలెత్తాయి.

తర్వాత కళాశాలల మధ్య పోటీ పెరిగింది. ఎవరి కణం పెద్దదైతే వాళ్ళకు ఎక్కువ గ్రేడు అన్నారు. ఒక కళాశాలవాళ్ళు కవర్‌స్లిప్ నిండా ఒకటే కణం సాధించి పత్రికల వాళ్ళను పిలిచారు. విలేకరి వచ్చి చూసి, అందులో ఏమీ లేదే అన్నాడు. అదే మా విజయం అన్నారు.

హైమావతి ఇవన్నీ చూస్తూ ఊరుకుంది. బుడగలు గీసిన రికార్డుల మీద సంతకాలు పెట్టింది. జూన్ దాటనీ అనుకుంది.

ఏప్రిల్‌లో ప్రాక్టికల్ పరీక్షలు వచ్చాయి. మొదటి ప్రశ్న పాతదే. సర్క్యులర్ రాకముందే అచ్చయిన కాగితం: "ఉల్లిపొరను స్లైడుగా తయారుచేసి, పరిశీలించినదానిని గీయుము." బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు ఎండకు బస్సులో వచ్చాడు, ఫ్యాను కింద కూర్చున్నాడు, కునుకు తీశాడు. పిల్లలు నీటిచుక్క మీద కవర్‌స్లిప్‌లు టపటపా వేసి సున్నాలు గీయడం మొదలుపెట్టారు.

ఉరుకుందమ్మ మాత్రం చేయి ఎత్తింది. ఆ పిల్ల ఎమ్మెస్సీ ప్రవేశపరీక్షకు చదువుతోంది. దానికి ఈ ఏడాదే పాసై ఉండాలి.

"మేడమ్, ప్రశ్నలో ఉల్లిపొర అని ఉండాది. ఎర్రగడ్డ యాడ?"

"సప్లై లేదమ్మా."

"నా క్యారేజీలో ఉండాది మేడమ్. రొట్టెలోకి తెచ్చుకున్యా. వాడుకోవచ్చునా?"

వాడకూడదని ఏ ఉత్తర్వులోనూ లేదు. కొనకూడదని మాత్రమే ఉంది. హైమావతి తల ఊపింది.

ఉరుకుందమ్మ ఉల్లిగడ్డను కోసి, లోపలి పొర ఒలిచింది. రంగు చుక్క వేసింది. కవర్‌స్లిప్ అంచు నీటికి ఆనించి, సూది మీద నిలిపి, ఊపిరి బిగబట్టి దించింది. సర్క్యులర్ రాకముందు, మొదటి ఏడాదిలో హైమావతి నేర్పినట్టే. లెన్సు తిప్పి చూసింది.

"మేడమ్" అంది గొంతు తగ్గించి. "గోడ కట్టినట్టు ఉండాయి. ఒక్కోదాంట్లో ఒక్కో ఎర్ర చుక్క. ఏది గీయల్ల మేడమ్? ఇందులో కనపడేదా, సర్క్యులర్‌లో ఉండేదా?"

హైమావతికి జూన్ కళ్ళముందు కనబడింది. పరీక్షకుడి గురక వినబడింది.

"ప్రశ్న చదువు" అంది.

"పరిశీలించినదానిని గీయుము."

"ఇంకేం మరి?"

ఆ పిల్ల గీసింది. హైమావతి పూర్తి మార్కులు వేసింది. పరీక్షకుడు లేచి టీ తాగి, చూడకుండా సంతకం చేశాడు. అయితే ఆ ఏడాది నుంచి జవాబు పత్రాల బొమ్మలను ప్రమాణ కణంతో పోల్చి చూడటానికి సంచాలక కార్యాలయంలో ఒక విభాగం పెట్టారు. సున్నాల మధ్య ఇటుకలు దొరికిపోయాయి.

మెమో వచ్చింది. "ఒకే ఉల్లిపాయకు రెండు విధములైన కణములు ఉండుట పరిపాలనాపరంగా సాధ్యము కాదు. కావున పూర్తి మార్కులు ఏ అధికారముతో వేసితిరో సంజాయిషీ ఇవ్వవలెను." సంజాయిషీలో హైమావతి ఒక్క వాక్యం రాసింది. "మైక్రోస్కోపులో చూసి వేశాను, మీరూ చూడవచ్చును."

అది ఎదురు తిరగడం కిందికి వచ్చింది. విచారణ సంఘం వేశారు. అధ్యక్షుడు డాక్టర్ ఓబులేసు, ఆయనతో ఇద్దరు సభ్యులు. ఒకాయనది చరిత్ర, ఇంకొకాయనది వ్యాయామ విద్య. హైమావతి తాజా ఉల్లిపొరతో స్లైడు చేసి, ఫోకస్ పెట్టి, పక్కన నిలబడింది. ముగ్గురూ మైక్రోస్కోపు చుట్టూ నిలబడ్డారు.

"చూడండి సార్" అంది ఆమె.

చరిత్ర సభ్యుడు నీళ్ళు నమిలాడు. "ఇందులో ఒక ఇబ్బంది ఉందమ్మా. పెద్దసారు ఒకసారి చూసేసినారు. మళ్ళీ మేం చూస్తే ఆయన చూసిందాన్ని సరిచూసినట్టు ఐతాది. కింది క్యాడర్ పై క్యాడర్‌ను సరిచూసిన దాఖలా చరిత్రలో లేదు."

"నాకు కన్ను నొప్పి" అన్నాడు వ్యాయామ సభ్యుడు.

"ఏ కన్ను సార్?"

"చూసే కన్ను."

భోజనానికి పిలుపు వచ్చింది. సభ్యులిద్దరూ వెళ్ళారు. ఓబులేసు గారు, "మీరు పదండి, కాగితాలు సర్దుకుని వస్తా" అన్నారు. పరిపాలనలోకి రాకముందు ఆయన వృక్షశాస్త్రమే చెప్పారు. తలుపు వైపు ఒకసారి చూశారు. కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. వంగి కన్ను ఆనించారు. ఆయన చేయి తనంతట తానే ఫోకస్ సరిచేసే చిన్న మర మీదికి వెళ్ళి, రవ్వంత కదిలించి ఆగింది.

చాలాసేపు లేవలేదు.

"మడత లేకుండా ఒలిచినావమ్మా" అన్నారు అలాగే వంగి. "బుడగ ఒక్కటి గూడా లేదు. కేంద్రకాలు వరసగా ఉండాయి. ఈ మధ్య ఇట్లాటి స్లైడు చూళ్ళేదు నేను."

"అదే రాయండి సార్ రిపోర్టులో."

ఆయన లేచారు. కూర్చున్నారు. కళ్ళద్దాలు పెట్టుకునేసరికి మళ్ళీ విచారణాధికారి అయ్యారు.

"ఒక మార్గం ఉందమ్మా. మైక్రోస్కోపు చెడిపోయిందని రాస్తా. నువ్వూ సంతకం పెట్టు. నీ తప్పు లేదు, సారు తప్పు లేదు. నీ రెన్యువల్ అయిపోతాది, నా హామీ."

"మైక్రోస్కోపు బాగుంది కద సార్?"

"బాగుంటేనేనమ్మా చిక్కు. అది బాగుంటే మనుషుల్లో ఎవురో ఒకరు చెడిపోయి ఉండల్ల. వాళ్ళెవురో రాయడానికి నాకు సర్వీసు చాలదు."

"మరి ఆ పిల్ల?"

"చెడిపోయిన మైక్రోస్కోపులో చూసింది గాబట్టి పేపర్ రద్దు. అక్టోబరులో మళ్ళా రాస్తాది. సున్నా గీసేదానికి ఎంత సేపు?"

"ప్రవేశపరీక్ష పోతాది సార్."

"వచ్చే ఏడు రాసుకుంటాది. నీకు వచ్చే ఏడు ఉండాలా వద్దా, అది చూసుకో."

ఆయన కాగితం రాసుకుని వరండాలోకి వెళ్ళారు. ఆమె వెనకే వెళ్ళింది. సభ్యులూ ప్రిన్సిపాలూ చేతులు కడుక్కుని అక్కడే నిలబడి ఉన్నారు.

"మీరు గానీ చూసినారా సార్?" అని చరిత్ర సభ్యుడు భయంగా అడిగాడు.

"లేదప్పా. నేనెందుకు చూస్తా?" అన్నారు ఓబులేసు గారు.

ఆయన కుడికంటి చుట్టూ, లెన్సు గొట్టం అంచు ఒత్తుకుని, ఎర్రటి వలయం పడి ఉంది. కళ్ళద్దాల వెనక నుంచి ఇంకా పెద్దదిగా కనిపిస్తోంది. చరిత్ర సభ్యుడు దాన్ని చూసి చూరు వైపు చూశాడు. వ్యాయామ సభ్యుడు షూ లేసు కట్టుకోవడానికి వంగి, ముడి పడినా లేవలేదు. ప్రిన్సిపాల్ ఆ కాగితం, కలం హైమావతి చేతికి ఇచ్చారు.

"పెట్టేయమ్మా. అందరికీ మంచిది."

ఆమె కలం తీసుకుంది. మూత తీసింది. ఓబులేసు గారి ముఖంలోకి చూసింది.

"సార్ కంటి చుట్టూ ఆ గుండ్రమేందో దీంట్లో రాయండి. రాసినాక పెడతా."

"యా గుండ్రం?" అన్నారు ప్రిన్సిపాల్.

ఆమె కలానికి మూత పెట్టి తిరిగి ఇచ్చేసింది.

ఆ రాత్రి ఇంట్లో జూలై నుంచి ట్యూషన్లు చెప్పుకోవచ్చా అని ఆలోచించింది. కానీ జూన్ చివరి వారంలో వచ్చిన ఉత్తర్వు ఆమె ఊహించింది కాదు.

ఆమెను తీసేయాలంటే విచారణ ముగియాలి. విచారణ ముగియాలంటే స్లైడులో ఏముందో రాయాలి. ఏముందో రాయాలంటే ఎవరో ఒకరు చూసినట్టు ఒప్పుకోవాలి. ఒప్పుకునే అధికారి జిల్లాలో దొరకలేదు. మైక్రోస్కోపు చెడిపోయిందని రాయాలంటే ఆమె సంతకం లేదు. అందువల్ల "విచారణ పరిసమాప్తి అగు వరకు సదరు లెక్చరర్ సేవలను యథాతథముగా కొనసాగించవలెను" అన్నారు. మార్కులు కూడా విచారణలో భాగమే కాబట్టి, తుది నిర్ణయం వరకు వేసినవి వేసినట్టే ఉంటాయి. ఉరుకుందమ్మ ఆ మార్కులతో ప్రవేశపరీక్ష రాసి, సీటు తెచ్చుకుని వెళ్ళింది.

ఉత్తర్వులో చివరి వాక్యం ఇంకొకటి ఉంది. "వివాదాస్పద స్లైడును ఆధారముగా భద్రపరచవలెను." ఉల్లిపొర పూట దాటితే ఎండిపోతుందని హైమావతి తిరిగి రాసింది. ఎండిన ఆధారం చెల్లదు కాబట్టి, "ప్రతిదినము తాజా ఆధారమును తయారు చేయించి, పరిశీలించి, సక్రమముగా ఉన్నదని నిర్ధారించుకొనవలెను" అని జవాబు వచ్చింది. ఉల్లిగడ్డలు కొనడానికి ప్రత్యేక అనుమతి కూడా జతచేశారు.

దాంతో వానబండ ప్రయోగశాలలో రెండు బల్లలు ఏర్పడ్డాయి. ఒక బల్ల మీద సిలబస్ ప్రకారం బుడగలు. రెండో బల్ల మీద విచారణ నిమిత్తం కణాలు. రెండో బల్ల దగ్గర పిల్లలు సూదితో కవర్‌స్లిప్ దించడం నేర్చుకుంటున్నారు. చెంప లోపలి పొరను పుల్లతో గీకి, తమ కణాలను తామే చూసుకుంటున్నారు. అనుబంధ ఆధారం అని హైమావతి రాసుకుంది. ఆ వరస రోజురోజుకూ పెరిగింది.

ఒక మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గుమ్మం దగ్గర ఆగారు. ఒక కుర్రాడు లెన్సులోకి చూస్తూ, "ఓరి దేవుడా, మేడమ్, గోడ!" అని అరిచాడు. ప్రిన్సిపాల్ కాసేపు నిలబడ్డారు. అటూ ఇటూ చూసి, రెండడుగులు లోపలికి వచ్చారు.

"ఏమమ్మా, నేనొకసారి చూడొచ్చునా?"

"పైనుంచి ఉత్తర్వు ఉందా సార్?" అంది హైమావతి.

ఆయన ఆలోచించారు.

"నిజమే" అన్నారు. "రాసి తెప్పించుకుంటా."